నిరోధకత వేరు, సహనం వేరు

యాంటీబయాటిక్ మందులను బ్యాక్టీరియా తట్టుకోవడం గురించి మీరు రాసిన వ్యాసంలో ‘నిరోధకత’, ‘సహనం’ రెండింటినీ ఒకే అర్థంలో వాడేశారు. చిక్కంతా ఇక్కడే. నిరోధకత ఉన్న బ్యాక్టీరియా మందులోనూ పెరుగుతుంది. దాని ఎంఐసీ, అంటే పెరుగుదలను ఆపే కనిష్ఠ గాఢత, ఎక్కువగా ఉంటుంది. సహనం ఉన్నదాని ఎంఐసీ మారదు. మందులో అది పెరగదు, కాకపోతే చావడానికి ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి ఎంఐసీ ఒక్కటే చూస్తే సహనం అసలు కనబడదు. కొన్ని గంటలకోసారి నమూనా తీసి, మందు లేని ప్లేటు మీద పరిచి, బతికున్నవాటిని లెక్కించాల్సిందే.

ఎంఐసీ అంకె పక్కన పద్ధతి కూడా రాయాలండీ. మైక్రోడైల్యూషన్‌లో, అంటే చిన్న గుంటల్లో వేర్వేరు గాఢతల మందు పోసి బ్యాక్టీరియా ఎక్కడ పెరగదో చూసే పద్ధతిలో, మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల కణాలు ఉండాలి. అంతకు పది రెట్లు పడితే, బీటా లాక్టమేజ్ (పెన్సిలిన్ లాంటి మందులను విరగ్గొట్టే ఎంజైమ్) తయారుచేసే రకాల్లో కొన్ని మందులకు ఎంఐసీ బాగా పెరిగిపోయి, లొంగే జీవి కూడా మొండిదానిలా కనబడుతుంది. గాఢతలు 1, 2, 4, 8 అంటూ రెట్టింపవుతూ పోతాయి. 2 బదులు 4 వచ్చిందంటే అది పరీక్షలో మామూలుగా ఉండే తేడాయే, దాన్ని నిరోధకత పెరిగిందని రాయకూడదు.

ఇక ల్యాబ్ రిపోర్టులో మందు పక్కన వేసే ‘ఐ’ (I) అక్షరాన్ని ‘మధ్యస్థం’ అనడం. ఈ పరీక్షలకు ప్రమాణాలు పెట్టే ఐరోపా సంస్థ యూకాస్ట్ 2019లో ఆ అర్థం మార్చింది: మందు అందే స్థాయి పెంచితే లొంగుతుంది అని. పాత అర్థంలో చదివితే పనికొచ్చే మందును పక్కన పెట్టేస్తారు.