ర్యాప్ వీడియోలోని గొలుసు గారికి

గొలుసు గారికి,

నమస్కారాలు. మీరు నన్నెరగరు. మిమ్మల్ని మాత్రం మూడేళ్లుగా మా అబ్బాయి ఫోన్లో రోజూ చూస్తున్నాను. పాడేవాళ్లు మారతారు, మెడలు మారతాయి, మీరు మారరు.

మొన్న భీమవరం నుంచి మా పిన్ని వచ్చింది. మావాడు టీవీలో ఓ అమెరికా ర్యాప్ వీడియో పెట్టాడు. పిన్నికి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. కళ్లద్దాలు సవరించుకుని కాసేపు చూసి, “అదెన్ని కాసులుంటుందిరా?” అంది. పాట అయ్యేలోపు తరుగు, మజూరీ లెక్కేసి, “బోలుదయ్యుంటుందిలే” అని తేల్చేసింది. భాష రాని మనిషి చేత కూడా లెక్కలు కట్టించారంటే మీ పనితనం ఏపాటిదో!

ఆ పనితనంలో కెమెరా వాటా ఎంతో మీరు ఎక్కడా చెప్పుకోరు. కెమెరా నేల దగ్గర పెట్టి పైకి చూపిస్తే ఐదడుగుల మనిషి గాలిగోపురంలా లేస్తాడు. ఫిష్‌ఐ లెన్సు పెడితే దగ్గరున్నది ఉబ్బుతుంది, దూరంగా ఉన్నది కుంచించుకుపోతుంది. 1990ల చివర్లో హైప్ విలియమ్స్ అనే దర్శకుడు ఈ లెన్సుతోనే ఓ ఊపు ఊపాడు. గాయకుడు ముందుకు వంగుతాడు, మీరు ఊగుతూ లెన్సు దాకా వస్తారు, నిమ్మకాయంత లాకెట్టు కొబ్బరికాయంత అవుతుంది. పక్కనుంచి ఓ లైటు కొట్టి ఆ ఊగడాన్ని స్లో మోషన్లో చూపిస్తే, మావాడు కంచంలో చెయ్యి పెట్టి ముద్ద కలపడం కూడా మర్చిపోతాడు.

ఇక మీ పరివారం. వెనకున్న లాంబోర్గినీ తరచూ అద్దెదే. ఆ మేడ కూడా అంతే. గాల్లోకి విసిరే నోట్లు దగ్గరగా చూస్తే చాలాసార్లు వాటి మీద సినిమా షూటింగుకి మాత్రమే అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంటుంది. తమరూ అప్పుడప్పుడూ నగల కొట్టు నుంచి ఆ పూటకి ఎరువొచ్చినవారే. ఎరువు సొమ్ము బరువు చేటని మావాళ్లు ఊరికే అన్నారా? పైగా వీడియో ఖర్చు పాటల కంపెనీ పెట్టినా, చాలా ఒప్పందాల్లో అది సగమో మొత్తమో గాయకుడికి పాటల మీద రావాల్సిన రాయల్టీల్లోంచే కోసేసుకుంటారు. మా వైపు కూతురి పెళ్లి ఘనంగా చేసి పదేళ్లు వడ్డీ కట్టే తండ్రి గుర్తొస్తాడు నాకు.

అలాగని మిమ్మల్ని ఉత్తినే ఆడిపోసుకోను. మీ ర్యాప్ పుట్టిల్లు న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేట అంటారు. 1973 ఆగస్టులో అక్కడ, చెల్లెలు పెట్టిన పార్టీలో డీజే కూల్ హెర్క్ అనే కుర్రాడు రికార్డులు తిప్పేనాటికి ఆ పేటలో ఇళ్లు తగలబడుతున్నాయి. నల్లవాళ్ల వాడలంటే బ్యాంకులు దశాబ్దాలుగా మొహం చాటేస్తున్నాయి. ఇంటికి అప్పివ్వనప్పుడు ఆస్తిని మెడలో వేసుకు తిరిగితే తప్పేముంది? మా అమ్మమ్మా అంతే, బ్యాంకు గడప తొక్కలేదు, నానుతాడునే నమ్ముకుంది. 1980ల్లో రన్-డీఎంసీ అనే ర్యాప్ బృందం వాళ్ల మెడల్లో అచ్చం అలాంటి తాళ్లే, కాకపోతే పశువుని కట్టేయగలిగినంత లావు.

ఆ రన్-డీఎంసీయే 1986లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ హాల్లో బూట్లు పైకెత్తమంటే, జనం వేలకొద్దీ అడిదాస్ బూట్లు ఎత్తారు. అక్కడే ఉన్న అడిదాస్ కంపెనీ మనిషి కళ్లారా చూశాడు, తర్వాత ఒప్పందం రాసుకున్నారు. పాట ఎక్కడ ఆగి ప్రకటన ఎక్కడ మొదలవుతుందో అప్పట్నుంచీ నాకు తెలియడం లేదు. 2006లో క్రిస్టల్ అనే షాంపేన్ కంపెనీ పెద్దాయన, ర్యాపర్లు కొంటుంటే వద్దనలేం కదా అన్న ధోరణిలో మాట్లాడితే, జే-జీ అనే ర్యాపర్‌కి ఒళ్లు మండి ఆ సీసాని వెలేశాడు. 2014లో ఇంకో షాంపేన్ బ్రాండునే కొనేశాడు. సీసా బంగారు రంగుదే లెండి, మీరు కంగారు పడకండి.

2018లో మాత్రం మీకు గండం వచ్చినట్టే అనిపించింది. డ్రేక్ అనే ర్యాపర్ 9,96,631 డాలర్ల 90 సెంట్ల వీడియో బడ్జెట్‌ని మయామీలో జనానికి పంచేసి, ఆ పంచడాన్నే వీడియోగా తీశాడు. మీరు చెయ్యాల్సిన పని నోట్ల కట్టలు చేసిపెట్టాయి. గుప్తదానం అనే మాట అంత దూరం వెళ్లినట్టు లేదు.

అసలు సంగతికొస్తాను. మావాడూ ర్యాప్ రాశాడు. మా అపార్టుమెంటు సెల్లార్లో రీలు తీస్తున్నాడు. కారు మూడో అంతస్తు రావుగారిది, డ్రైవరు లేని టైములో. గొలుసు బజార్లో 350 రూపాయలకు తెచ్చాడు. రెండ్రోజుల రిహార్సల్‌కే మెడ చుట్టూ పచ్చటి చార పడింది. పిన్ని అది చూసి, “ఇత్తడిరా నాయనా” అని గొలుసు లాక్కుంది. తమరి చుట్టంగారు ప్రస్తుతం మా వంటింటి సింకులో చింతపండులో నానుతున్నారు. షూటింగు సాయంత్రం ఐదింటికట.

ఇట్లు,
మీ ప్రేక్షకుడి తండ్రి