శ్రీ సయనోబ్యాక్టీరియా గారికి, భీమవరం చెరువు గట్టు నుంచి

మహారాజశ్రీ నీలి ఆకుపచ్చ నాచు గారి సముఖానికి భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్లం నమస్కరించి రాసుకున్నది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలెట్టడం మర్యాదే గానీ, అది మన మధ్య కుదిరే పని కాదండి. తమరు మరీ కుశలంగా ఉంటే మేం ఉండం. పోనీ తమర్ని ఒక్క రాత్రిలో లేకుండా చేద్దామంటే అప్పుడు మునిగేదీ మేమే. అందుకని నేరుగా విషయంలోకి వస్తాం.

తమరి పెద్దరికం ముందుగా ఒప్పుకుంటున్నాం. భూమి పుట్టి 454 కోట్ల ఏళ్లు. ఆస్ట్రేలియా పడమటి వైపు పిల్బరా రాళ్లలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు 348 కోట్ల ఏళ్ల నాటివి. అవి తమరి కట్టడాలా, తమకంటే ముందున్నవాళ్లవా అన్న తగువు ఇంకా తెగలేదు. మన కడప జిల్లా వేంపల్లె రాళ్లలో ఉన్నవి 190 కోట్ల ఏళ్లు పైబడ్డవి. మేం నిలబడ్డ డెల్టా మట్టి వయసు వేలల్లోనే. ఆ లెక్కన ఈ చెరువు మేం కౌలుకి తీసుకున్నది ఆసామి దగ్గరా, తమరి దగ్గరా అన్నది తేల్చాల్సిన విషయమే.

తమరు రాకముందు గాలిలో ఆక్సిజన్ లేదు. ఆక్సిజన్ లేని గాలి కింద, అతినీలలోహిత కిరణాల దెబ్బకి కర్బన పదార్థాలు పుట్టి, సముద్రంలో వేడి పలచటి చారుగా పోగుపడ్డాయనీ, జీవం అందులోంచే వచ్చిందనీ 1929లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ అన్నాడు. రష్యాలో ఒపారిన్ ఇలాంటి మాటే 1924లో చెప్పాడు. 1953లో అమెరికా శాస్త్రజ్ఞుడు మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి గాజుబుడ్లలో బంధించి విద్యుత్తు మెరుపులు పుట్టిస్తే వారం తిరక్కుండా అమైనో ఆమ్లాలు వచ్చాయి. అదే బుడ్డిలో ఆక్సిజన్ ఉంటే ఏమీ మిగలదు. అంటే మళ్లీ ఎవరైనా జీవాన్ని మొదటినుంచి మొదలెడదామన్నా వీల్లేకుండా తలుపు వేసింది తమరే. ఈ హాల్డేన్ మన దేశ పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో పోయారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చారు. తమరి గురించి అంత పట్టించుకున్న మనిషి ఇంత దగ్గరికొచ్చాడని తమరికి ఎవరూ చెప్పి ఉండరు లెండి.

తమరు చేసిన అసలు పని నీటిని విడగొట్టడం. వెలుతురు మీద బతికేవాళ్లు అంతకుముందూ ఉన్నారు. వాళ్లు హైడ్రోజన్ సల్ఫైడుతోనో, నీళ్లలో కరిగిన ఇనుముతోనో సరిపెట్టుకున్నారు. తమరు నాలుగు మాంగనీసు పరమాణువులకి ఒక కాల్షియం పరమాణువు జోడించి ఓ పనిముట్టు కట్టారు. దానితో ఎక్కడపడితే అక్కడ దొరికే నీళ్ల నుంచే ఎలక్ట్రాన్లు లాగారు. మిగిలిన ఆక్సిజన్ తమకి అక్కర్లేదు, బయటికి వదిలేశారు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేదు, ప్రజాభిప్రాయ సేకరణ లేదు.

మొదట్లో దాన్ని సముద్రంలోని ఇనుము పట్టుకుని తుప్పుగా అడుక్కి దిగింది. బైలదిల్లా కొండల్లో తవ్వి రైలు మీద విశాఖపట్నం తెస్తున్నది ఆ కోవ రాయే. ఆ కొండల నీళ్లే ఇంద్రావతి మీదుగా గోదావరిలో పడుతున్నాయి. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట ఆక్సిజన్ గాలికెక్కింది. దాని దెబ్బకి వేడిని పట్టి ఉంచే మీథేన్ తరిగి భూమి గడ్డకట్టిందని చాలామంది శాస్త్రజ్ఞుల అనుమానం. ఆక్సిజన్ సోకితే చచ్చే పాత కాపురస్తులు ఎందరు పోయారో రాసి పెట్టినవాళ్లు లేరు.

మిగిలినవాళ్ల చిరునామా మాత్రం మా దగ్గరుందండి. మా చెరువు అడుగున నల్ల బురదలో కాపురముంటున్నారు. సల్ఫేటుని హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చేవాళ్లు, మీథేన్ వదిలేవాళ్లు, అందరూ క్షేమం. మేత మిగిలి, చచ్చిన నాచు పేరుకుంటే పైపొర దాటిన కొద్ది మిల్లీమీటర్ల నుంచే వాళ్ల రాజ్యం. బురద కెలికితే కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే వాళ్లు బాగా పుంజుకున్నట్టు. రొయ్య మేత వెతుక్కునేదీ ఆ అడుగునే.

ఇక తమరి దినచర్య. మధ్యాహ్నం మూడింటికి కొలిచే మీటరు ముంచితే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకి 12 మిల్లీగ్రాములు. 30 డిగ్రీల దగ్గర నీళ్లు మామూలుగా పట్టుకోగలిగేది ఏడున్నరే. ఆ దాతృత్వం చూసి మురిసిపోయి కొందరు నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆపేస్తారు. పొద్దుగూకగానే తమరు ఇవ్వడం మానేసి పీల్చడం మొదలెడతారు. తమరితోపాటు రొయ్యలూ, బురదా. తెల్లవారుజామున నాలుగింటికి 4 ఉంటే గండం గడిచినట్టు. 3 అయితే రొయ్య మేత ముట్టదు. 2 లోపు అయితే గట్టు వారకి తేలుతుంది. అంటే రోజూ ఆ వేళకి మా చెరువు అడుగు 240 కోట్ల ఏళ్లు దాటి వెనక్కి పోతుంది. తెల్లారాక మళ్లీ ముందుకొస్తుంది, రొయ్యలు మాత్రం అన్నిసార్లూ రావు.

పగటిపూట కూడా తమరి దయ పూర్తిగా నమ్మదగింది కాదు. నీళ్లలో కార్బన్ డయాక్సైడు తమరు లాగేస్తే నీళ్ల క్షారగుణం చెప్పే పీహెచ్ సాయంత్రానికి 9 దాకా ఎక్కుతుంది. పీహెచ్ 8 దగ్గర, నీళ్లలో ఉన్న అమ్మోనియాలో నూటికి ఏడు పాళ్లు విషం, 9 దగ్గర నలభై పాళ్లు. పొద్దున పరీక్ష చేయించి బాగుందన్న నీళ్లలోనే సాయంత్రం రొయ్య నీరసిస్తే కారణం ఇదే.

ఇంతలా పెరగడానికి తమరికేం కావాలో మాకు తెలుసు. నత్రజని కొరత తమరికి లేదు. తమరి వంశంలో అనబీనా లాంటివాళ్లు గాలి నుంచే తీసుకుంటారు. కావలసింది భాస్వరం. మేతలో ఉన్న భాస్వరంలో సగం కూడా రొయ్య ఒంటికి పట్టదు, మిగతాది తమరి వాటా. మొదట్లో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) కోసం చల్లిన సూపర్ ఫాస్ఫేటు అదనం. భాస్వరం ఎక్కువై నత్రజని తక్కువైతే డయాటమ్‌లనే వేరే నాచు వెనకబడి తమరు పైకొస్తారు. భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది ఈ భీమవరంలోనే, 1895లో. హాల్డేన్ ఆ చారు మాట అన్న 1929లోనే వాళ్లిద్దరూ కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. అందులో మూడు భాస్వరపు గుంపులు. తమరు, రొయ్య, నల్ల బురదలోని వాళ్లు, ఈ ఉత్తరం రాస్తున్నవాళ్లం అందరం బతికేది దాని మీదే. కొలత ఈ ఊరి మనిషి చేతిలోంచే వచ్చినా, మేత సంచి విప్పేటప్పుడు కొలిచేవాళ్లు ఈ ఊళ్లో తక్కువ.

గట్టుకి అటుపక్క తమరి పరువు వేరు. నాట్లు వేసిన పదో రోజున ఎకరానికి నాలుగు కిలోల చొప్పున తమరి పొడిని కొనితెచ్చి వరిచేలో చల్లుతారు. అజొల్లా అనే నీటి మొక్క ఆకు అరల్లో ఉండి నత్రజని సంపాదించేదీ తమవాళ్లే. అసలు తమ వంశంలో ఒకరు వంద కోట్ల ఏళ్లకి పైగానే వేరే కణంలోకి ఇల్లరికం వెళ్లి, పుట్టింటి జన్యువులు చాలావరకు వాళ్లకి రాసిచ్చేసి, హరితరేణువుగా స్థిరపడ్డారు. మార్టేరులో పుట్టిన స్వర్ణ వరి ఆకులో పచ్చగా ఉన్నది వారే. గట్టుకి ఇటుపక్క మాత్రం తమర్ని చంపే మందు కొంటాం. రెండు బిల్లులూ ఒకే దుకాణంలో.

ఆ మందు సంగతీ చెప్పాలి. చెరువంతా ఒకేసారి మైలుతుత్తం (రాగి సల్ఫేటు) కొడితే తమరు పోతారు, నిజమే. పోయి కుళ్లుతారు, ఆ కుళ్లు రాత్రికల్లా ఉన్న ఆక్సిజన్ అంతా తినేస్తుంది. పైగా రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగే, అదే రాగి నీళ్లలో ఎక్కువైతే పాడయ్యేది దాని మొప్పలే.

కాబట్టి తమర్ని పొమ్మనడం లేదండి, కాస్త తగ్గమంటున్నాం. నీళ్ల తేటదనం చూసే నలుపు తెలుపు సెక్కీ పళ్లెం 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతు దాకా కనబడేలా ఉండండి. 20 లోపే మాయమైతే మేత తగ్గించి, అడుగు నీళ్లు పదో వంతు మారుస్తాం. గాలి బుడగల సాయంతో తేలి గాలివాటున ఒక మూలకి చేరతారు కదా, అక్కడే దోసి పారబోస్తాం. మూడు రోజులు మబ్బు పడితే మేత సగానికి దించుతాం. 400 నుంచి 500 కిలోల రొయ్యకి ఒక హెచ్‌పీ లెక్కన ఏరియేటర్లు రాత్రి పది నుంచి ఎండెక్కేదాకా తిప్పుతాం.

చివరగా ఒక మనవి. వచ్చే వారం లైను మరమ్మతులని అర్ధరాత్రి నుంచి కరెంటు ఆపుతారట. జనరేటరుకి డీజిలు సిద్ధంగానే ఉంది గానీ, అది కూడా మొరాయిస్తే రెండు నుంచి ఐదు దాకా తమరు కాస్త ఊపిరి బిగబట్టగలరు.

ఇట్లు,
తమరి మేత ఖర్చు భరిస్తున్న విధేయులు