తప్పు సెంటర్ స్పీకర్‌ది కాదు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. హోమ్ థియేటర్‌లో మాటలు పలకడానికి టీవీ దగ్గర నడుమ పెట్టే సెంటర్ స్పీకర్ గురించి. అందులో ఉన్నది ఇదీ: "హోమ్ థియేటర్‌లో మాటలు సరిగ్గా వినబడటం లేదంటే సెంటర్ స్పీకర్ వీక్ అయిపోయినట్టే. తీసేసి ఎక్కువ వాట్లున్న పెద్దది పెట్టండి. ఏ కంపెనీదైనా పరవాలేదు. కొనలేకపోతే సెంటర్ సౌండు ఫుల్లుగా పెంచండి. అదీ చాలకపోతే ఇంకో సెంటర్ తెచ్చి జతగా కలపండి."

నాకు ఇప్పటికి నలుగురు పంపారు. వాళ్లలో ఒకాయన అప్పటికే 12 వేలు పోసి కొత్త సెంటర్ కొనేసి, "ఇంకా తక్కువగా వినబడుతోంది, ఏం చెయ్యమంటావు?" అని ఫోన్ చేశారు. కష్టపడి కూడబెట్టుకున్న డబ్బు అలా పోతుంటే చూస్తూ ఊరుకోలేక ఒక్కో ముక్కకీ జవాబు రాస్తున్నాను.

"మాట తెలియకపోతే సెంటర్ వీక్" అన్నది మొదటి మాట. మా అక్కావాళ్లింట్లో బావగారు కూడా ఇదే నమ్మి, పాతది అమ్మేద్దామనుకున్నారు. వెళ్లి చూశాను. టీవీ కింద షోకేసు, దాని అరలో జానెడు లోపలికి తోసేసిన సెంటర్ స్పీకర్. దాని ముందు మన ఊరి కొమ్ముపని కొంగల జత, వాళ్ల పెళ్లినాటి కానుక. ఒక కొంగ సరిగ్గా ట్వీటర్‌కి, అంటే సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్‌కి, అడ్డంగా నిలబడి ఉంది. పైగా అద్దం తలుపు సగం మూసి ఉంది. అక్క అత్తగారు పక్కన మంచం మీద కూర్చుని, "వీళ్లు గొణుక్కుంటున్నట్టుంది బాబూ, ఒక్క ముక్కా అర్థం కాదు" అన్నారు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మన మాటలో అచ్చుల బలం కింది, మధ్య స్వరాల్లో ఉంటుంది. చ, ట, త, స, శ లాంటి హల్లుల గుర్తులు ఎక్కువగా 2,000 నుంచి 8,000 హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే లెక్క) మధ్య, చాలా తక్కువ బలంతో పలుకుతాయి. మాటకి మాటకి తేడా తెలిసేది ఆ హల్లుల వల్లే. అంత సన్నని శబ్దం టార్చి వెలుగులా తిన్నగా పోతుంది, అడ్డం వస్తే ఆగిపోతుంది. మగగొంతులో 100, 200 హెర్ట్జ్ దగ్గరి బరువు మాత్రం అర గోడలకి తగిలి ఉబ్బిపోయి, మిగిలిన కాస్త హల్లునీ కప్పేస్తుంది. మనకి అందేది గొణుగుడే.

ఆరోజు నేను ఏమీ కొనలేదు. స్పీకర్ ముఖం అర అంచుకి సమంగా వచ్చేదాకా ముందుకి లాగాను. కొంగల్ని పై అరలోకి ఎక్కించాను. పాత హవాయి చెప్పు కోసి, రెండు ముక్కలు ముందు మూలల కింద పెట్టాను. దాంతో మోకాళ్లవైపు చూస్తున్న స్పీకర్ చెవులవైపు తిరిగింది, చెక్క అదరడమూ తగ్గింది. అద్దం తలుపు ఊడదీశాం. అంతా కలిపి అరగంట పని.

గది సంగతి కూడా చూడండి. స్లాబు కప్పు, టైల్స్ నేల, బోసి గోడలు ఉన్నచోట చప్పట్లు కొడితే గంగుమంటుంది. ఆ గంగుమనడంలో ఒక హల్లు మీద ఇంకో హల్లు పడిపోతుంది. నేల మీద మందపాటి జంపఖానా, కిటికీకి బరువైన కర్టెన్ వేస్తే కొత్త స్పీకర్ కన్నా ఎక్కువ మేలు జరిగిన ఇళ్లు చూశాను.

అసలు సెంటర్‌కి మాట చేరుతోందా లేదా అన్నది చాలామంది చూడరు. 5.1 పద్ధతిలో (ఐదు స్పీకర్లు, బరువు స్వరాలకి ఒక సబ్‌వూఫర్) శబ్దం కలిపిన సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం సెంటర్ దారిలోనే వస్తుంది. కానీ టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో పీసీఎం అనే రకంలో ఉంటే చాలా టీవీలు ఎడమ, కుడి అని రెండు చానళ్లే పంపుతాయి. అప్పుడు రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె) స్టీరియో మోడ్‌లో ఉంటే సెంటర్‌కి ఏమీ అందదు. ఆ రెండు చానళ్ల నుంచే సెంటర్‌కి మాట తీసిచ్చే డాల్బీ సరౌండ్ మోడ్‌కో, పాత రిసీవర్ అయితే ప్రోలాజిక్‌కో దాన్ని మార్చండి. సెంటర్ చచ్చిపోయిందని నన్ను పిలిచిన రెండిళ్లలో జబ్బు ఇదే.

ఇక "ఎక్కువ వాట్లు" సంగతి. స్పీకర్ మీద రాసే వాట్లు అది ఎంత తట్టుకోగలదో చెబుతాయి, ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పవు. పలికే శక్తిని చెప్పేది సెన్సిటివిటీ: ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ అని. 86 ఉన్నదాని బదులు 89 ఉన్నది కొంటే యాంప్లిఫయర్ శక్తి రెట్టింపు చేసినంత ఫలితం. 86 డెసిబెల్స్ స్పీకర్ మూడు మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకి ఒక్క వాటుతోనే దాదాపు 76 డెసిబెల్స్ అందిస్తుంది. సినిమాలో మామూలు మాటలకి అంతకన్నా అక్కర్లేదు.

"పెద్దది" అన్నది ఇంకా ప్రమాదం. షాపులో చూపించే పెద్ద సెంటర్లు ఎక్కువగా నడుమ ట్వీటర్, అటో వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్) ఇటో వూఫర్‌తో అడ్డంగా ఉంటాయి. ఎదురుగా కూర్చుంటే బాగానే ఉంటుంది. వూఫర్ల మధ్య 30 సెంటీమీటర్లు ఉండి, మనం 30 డిగ్రీల పక్కకి కూర్చుంటే, ఒక వూఫర్ శబ్దం రెండోదానికన్నా 15 సెంటీమీటర్లు ఎక్కువ నడిచి వస్తుంది. ఆ రెండు వూఫర్లూ 1,140 హెర్ట్జ్ దాకా కలిసి పలికేవైతే, ఆ దగ్గర ఒకటి తోస్తుంటే ఒకటి లాగి, రెండూ కొట్టేసుకుంటాయి. మాటలోని మధ్య స్వరాలు ఉండేది అక్కడే. మన ఇళ్లలో నడిమి సోఫాలో కూర్చునేదెవరు, పక్క మంచం మీద కూర్చునేదెవరు? చెవి మందగించిన పెద్దవాళ్లకే ఈ నష్టం. పెద్దది కొనాలనే ఉంటే ట్వీటర్ కింద, మధ్య స్వరాలు పలికే చిన్న మిడ్‌రేంజ్ నిలువుగా ఉన్న త్రీవే రకం (స్వరాల్ని మూడు రకాల స్పీకర్లకి పంచేది) చూడండి.

"ఏ కంపెనీదైనా పరవాలేదు" అన్నది పూర్తిగా తప్పు. మంచి సినిమా హాల్లో తెర వెనక ఎడమ, నడుమ, కుడి స్పీకర్లు మూడూ ఒకే రకం. 1933 ఏప్రిల్ 27న బెల్ ల్యాబ్స్‌వాళ్లు ఫిలడెల్ఫియాలో వాయించిన ఆర్కెస్ట్రాని వాషింగ్టన్‌లో వినిపించినప్పుడే మూడు చానళ్లు వాడారు. పక్కన కూర్చున్నవాళ్లకి కూడా నడిమి శబ్దం నడుమనే నిలబడాలంటే అక్కడ ఒక స్పీకర్ ఉండాలి. ఆ మూడింటి గొంతూ ఒకటి కాకపోతే, ఎడమ నుంచి కుడికి నడిచే మనిషి మధ్యలోకి రాగానే గొంతు మారిపోతుంది. ఎడమ, కుడి స్పీకర్ల సిరీస్‌లోనే సెంటర్ తీసుకోండి. దొరక్కపోతే, చోటుంటే, అదే మోడల్ స్పీకర్ ఇంకొకటి నిలువుగా పెట్టండి.

సెంటర్ సౌండు రెండు మూడు డెసిబెల్స్ పెంచమని నేనూ చెబుతాను. ఫుల్లుగా పెంచితే చిన్న కోన్ (స్పీకర్‌లో అదిరే గరాటు లాంటి ముఖం) తట్టుకోలేక శబ్దం గీరగా వస్తుంది. దానికి ముందు మెనూలో సెంటర్‌ని స్మాల్‌లో పెట్టి, క్రాసోవర్ (ఏ స్వరం కిందివి సబ్‌వూఫర్‌కి పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ ఇవ్వండి. మూడంగుళాల కోన్ అయితే 120 నుంచి 150. బరువు మోసే పని సబ్‌వూఫర్‌కి పోతే మాట తేటపడుతుంది. రాత్రిపూట ఫైట్లు అదిరి మాటలు సన్నబడితే నైట్ మోడ్ వేయండి, గట్టి శబ్దాల్ని తగ్గించి మాటని నిలబెట్టడమే దాని పని.

జతగా రెండో సెంటర్ మాత్రం కలపవద్దు. ఓమ్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు, అది తగ్గితే లాగే కరెంటు పెరుగుతుంది. 8 ఓమ్‌లవి రెండు ప్యారలల్‌గా (ఒకే తీగల జతకి పక్కపక్కన) కలిపితే 4 ఓమ్‌లు అవుతాయి. అంత తట్టుకోలేని రిసీవర్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. రెండు చోట్ల నుంచి ఒకే మాట వస్తే కూర్చున్న చోటుని బట్టి కొన్ని స్వరాలు తినేసుకుంటాయి కూడా.

డబ్బు తీసేముందు ఒక పరీక్ష చేయండి. మెనూలో సెంటర్ "నన్" (లేదు) అని పెట్టి, నడుమ కూర్చుని అదే సీను మళ్లీ వినండి. మాటలు ఎడమ, కుడి స్పీకర్లకి సమానంగా పంచబడతాయి. అప్పుడు తేటగా వినబడితే లోపం సెంటర్‌లోనో, దాన్ని పెట్టిన చోటులోనో, దాని సెట్టింగులోనో ఉంది. అప్పటికీ గొణుగుడే అయితే గదినీ, వచ్చే సిగ్నల్‌నీ అనుమానించండి. ట్వీటర్ దగ్గర చెవి పెట్టినా ఏమీ వినబడకపోతే, కోన్ అంచు చివికిపోతే, అప్పుడు మార్చాల్సిందే. అదైనా డబ్బా మొత్తం కాదు, చాలాసార్లు లోపలి డ్రైవర్ మారిస్తే చాలు.

12 వేలు పోసిన ఆయన సంగతి చెప్పలేదు కదా. ఆయనది అన్నీ కలిపి ఒకే పెట్టెలో అమ్మే సెట్. వెనక లేబుల్ ఫొటో తీసి పంపమన్నాను. సెంటర్ 3 ఓమ్‌లు అని ఉంది. కొత్తగా తగిలించింది 8 ఓమ్‌లది. అదే ఓల్టేజీకి అది 3 ఓమ్‌లదానిలో సగం కరెంటు కూడా లాగదు, అందుకే మాట ఇంకా తగ్గింది. బిల్లు ఉంది, వారం దాటలేదు. తిరిగి ఇచ్చేసి పాతదే తగిలించమన్నాను. షోకేసు ఫొటో కూడా పంపమన్నాను.