ఇరవై వేల మాటలను లెక్కపెట్టినవారెవరు?

"ఆడవారు రోజుకు 20,000 మాటలు మాట్లాడతారు, మగవారు 7,000 మాటలతో సరిపెట్టుకుంటారు. ఆడవారి మెదడే అలా ఉంటుందని శాస్త్రవేత్తలు తేల్చారు." ఈ సందేశం శ్రీకాకుళంలోని మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఏడాదికి రెండు మూడు సార్లైనా వస్తూ ఉంటుంది. సరదాగా పెట్టిన దానికి జవాబు రాయడం అవసరమా అని మా బావగారు ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్‌లో అడిగారు. సరదాకైతే అవసరం లేదు గానీ, శాస్త్రం పేరు ఎత్తారు కాబట్టి అందులోని ఒక్కొక్క మాటనూ పరిశీలించక తప్పదు.

ముందుగా ఆ అంకెల సంగతి. ఇవి లోకమంతటా పాకింది 2006లో లూఆన్ బ్రిజెండిన్ అనే అమెరికన్ మనోవైద్యురాలు స్త్రీల మెదడు గురించి రాసిన పుస్తకం వల్ల. వాటి మూలమేమిటో తెలుసుకోవాలని భాషాశాస్త్రవేత్త మార్క్ లిబర్‌మన్ వెతుక్కుంటూ పోగా, ఎవరైనా కూర్చుని మాటలను లెక్కపెట్టిన దాఖలా ఎక్కడా కనబడలేదు. తరువాతి ముద్రణలలో రచయిత్రి ఆ అంకెలను తీసివేశారు. పుస్తకంలోంచి పోయిన అంకెలు ఫోన్లలో మాత్రం ఇంకా తిరుగుతున్నాయి.

నిజంగా లెక్కపెట్టినవారు మథియాస్ మెల్, ఆయన సహచరులు. అమెరికా, మెక్సికో దేశాలలోని 396 మంది కళాశాల విద్యార్థులకు చిన్న రికార్డరు ఒకటి ఇచ్చి, అది పన్నెండున్నర నిమిషాలకొకసారి తనంతట తానే 30 సెకన్లపాటు చుట్టుపక్కల మాటలను పట్టుకొనేలా ఏర్పాటు చేసి, ఆ ముక్కల నుంచి రోజు మొత్తానికి అంచనా కట్టి, ఆ ఫలితాలను 2007లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. స్త్రీల సగటు 16,215 మాటలు, పురుషుల సగటు 15,669. అంటే రోజు మొత్తం మీద తేడా 546 మాటలు, గణాంకశాస్త్రం పట్టించుకోనంత చిన్నది. పదమూడు వేల తేడా ఎక్కడ, ఇది ఎక్కడ?

నా దృష్టిలో ఆ పరిశోధనలో విలువైనది సగటు కాదు, మనిషికీ మనిషికీ మధ్య బయటపడిన అంతరం. వెయ్యికి చాలా తక్కువ మాటలతో రోజు గడిపేసిన వ్యక్తీ, 47,000 దాటిన వ్యక్తీ ఇద్దరూ మగవారే. ఇందులో మనకు ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. ఆమదాలవలస స్టేషనులో దిగి శ్రీకాకుళం బస్సెక్కితే, పక్కసీటు పెద్దాయన దిగేలోపల తన ముగ్గురు కొడుకుల కథ, పొలం తగాదా, మోకాళ్ళ నొప్పి అన్నీ చెప్పేయవచ్చు; వెనకసీటులోని ఆయన టిక్కెట్టు అడగడానికి తప్ప నోరు విప్పకపోవచ్చు. కల్పన సాక్ష్యం కాదు గానీ, 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో మాటలతో బతికేది గిరీశమే కదా.

ఎదుటివారికి ఉపయోగపడే విషయాన్నీ దాచకూడదు. 2025లో వెలువడిన ఇంకా పెద్ద అధ్యయనం నాలుగు దేశాలకు చెందిన 2,197 మంది మాటలను పరిశీలించింది. 25 నుంచి 64 ఏళ్ళ వయసువారిలో స్త్రీలు రోజుకు సుమారు మూడు వేల మాటలు ఎక్కువ మాట్లాడినట్లు తేలింది. మిగతా వయసులవారిలో అంత తేడా కనబడలేదు. పుట్టుకతో వచ్చిన గుణమే అయితే వయసుతో పాటు వచ్చి, వయసుతో పాటు ఎందుకు పోతుంది? పిల్లల పెంపకం ఒక కారణం కావచ్చునని నా ఊహ. పైగా అక్కడ కూడా అతి తక్కువ మాట్లాడినవారు వంద దాటలేదు, అతి ఎక్కువ మాట్లాడినవారు లక్షా ఇరవై వేలు దాటారు.

మెదడు సంగతికి వద్దాం. మాటతో సంబంధం ఉందని చెప్పే ఫాక్స్‌పీ2 అనే ప్రోటీన్ మీద 2013లో ఒక పరిశోధన వచ్చింది. ఎలుక పిల్లలలో ఆ ప్రోటీన్ మగవాటికే ఎక్కువ, ఎక్కువగా అరిచినవీ అవే. మనుషుల విషయంలో పరిశీలించినది పదిమంది చిన్నపిల్లల మెదడు కణజాలాన్ని మాత్రమే. అందులో ఆడపిల్లలకు ఎక్కువ ఉంది. ఎవరి మాటలనూ ఎవరూ లెక్కపెట్టలేదు. వార్తలు రాసినవారు దీని పక్కన పాత 20,000 అంకెను చేర్చేశారు.

"నలుగురు చేరినచోట మగవారికి మాట్లాడే అవకాశమే ఉండదు" అన్నది ఆ సందేశానికి తోకగా వచ్చే వాక్యం. ఆడామగా కలిసి పాల్గొన్న సంభాషణల మీద వచ్చిన 56 అధ్యయనాలను 1993లో జేమ్స్, డ్రాకిచ్ అనే ఇద్దరు పరిశోధకులు సమీక్షిస్తే, మొత్తం మీద స్త్రీలే ఎక్కువ మాట్లాడారని చెప్పినవి రెండే. అవి మన అధ్యయనాలు కావు, నిజమే. అయితే మా ఊరి గ్రామసభలో మైకు ఎవరి చేతిలో ఉంటుందో, స్త్రీలు ఏ వరుసలో కూర్చుంటారో చూసినవారికి ఆ ఫలితం కొత్తగా అనిపించదు. పలాసలో జీడిపప్పు ఏరేచోట గలగలా మాట్లాడే మనిషే సభలో నోరు మెదపకపోవచ్చు. ఆమె రెండు గంటలలో రెండు రకాల మనిషి. ఆమెకు ఏ అంకె కట్టాలి?

చివరిగా, ఈ అంకెలను మనవారికి అంటగట్టడం. పైన చెప్పిన మెల్ లెక్క ఇంగ్లీషు, స్పానిష్ మాటలది. మాట అంటే ఏమిటన్నది భాషను బట్టి మారుతుంది. మా వైపు "రానేకపోనాను" అంటే ఒక్క మాటలో పని జరిగిపోతుంది. అందులోనే రావాలనుకోవడం, కుదరకపోవడం, జరిగిపోయిన కాలం, చెప్పేది నేనే అన్న సంగతి అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషులో దానికి మూడు నాలుగు మాటలు కావాలి. అదే సంగతిని అంతే సేపు చెప్పుకున్న ఇద్దరిలో తెలుగువారి లెక్క తక్కువగా తేలుతుంది, వారు మితభాషులు కాకపోయినా. "వచ్చిందట" ఒక మాటా, రెండు మాటలా అన్నది తేల్చుకోకుండా మన ఇళ్ళలోని ఆడవారికి గానీ మగవారికి గానీ రోజుకింత అని అంకె వేయడం కుదరని పని.