లాంగ్ టర్మ్ మనకేమైనా కొత్తా?

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పచ్చడి పంచడం అయ్యాక, మెడికల్ స్కూల్లో సీటు వచ్చిన పిల్లల్ని తల్లిదండ్రులతో సహా వేదిక మీదకి పిలిచి శాలువాలు కప్పారు. సంతోషమే, నేనూ చప్పట్లు కొట్టాను. తర్వాత భోజనాల వరసలో ప్లేటు పట్టుకుని నిల్చున్న మా అమ్మాయిని ఒక పెద్దాయన, "ఏమ్మా, నువ్వూ అప్లై చేశావుగా, నీ పేరు పిలవలేదే?" అనడిగారు. ఆయన మనసులో చెడు ఏమీ లేదు, నాకు తెలుసు. "రాలేదంకుల్" అని నవ్వి, బొబ్బట్టు కూడా వేయించుకోకుండా వెళ్ళి కారులో కూర్చుంది.

ఆ రాత్రి మా అక్క గుర్తొచ్చింది. గుంటూరులో ఎంసెట్ కోసం రెండేళ్ళు లాంగ్ టర్మ్ చదివింది, వీధి మొత్తానికి తెలుసు. హాస్టల్‌కి బయల్దేరేటప్పుడు పక్కింటి పిన్నిగారు కాకరకాయ కారం డబ్బా కట్టి ఇచ్చి, "ఈసారి కొడతావులే" అని పంపేవారు. ఆ హాస్టళ్ళ గురించి మంచి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, కానీ రెండోసారి రాయడాన్ని మా ఊళ్ళో ఎవరూ తప్పుగా చూడలేదు. అలాంటి ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళమే ఇక్కడ గ్యాప్ ఇయర్ అనేసరికి గొంతు తగ్గిస్తున్నాం. ఈ దేశంలో ఏటా 50 వేల మందికి పైగా అప్లై చేస్తే చేరేది సుమారు 23 వేల మంది, వాళ్ళలో సగానికి పైగా డిగ్రీ తర్వాత కనీసం ఒక ఏడాది ఆగి వచ్చినవాళ్ళే.

ఇక మన తల్లిదండ్రుల సంగతి, ముందు నా సంగతే చెప్తాను. అమ్మాయికి ఇక్కడి మెడికల్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్‌లో 513 వచ్చింది. ఆ పరీక్షకి పై హద్దు 528, స్కూళ్ళలో చేరేవాళ్ళ సగటు 511, 512 దగ్గర ఉంటుంది. అయినా నా బుర్రలో ఎంసెట్ ర్యాంకే తిరుగుతోంది, చాలదని పట్టుబట్టి ఆగస్టులో మళ్ళీ రాయించాను. స్కోరు రావడానికి నెల. చాలా స్కూళ్ళు అప్లికేషన్లని వచ్చినవి వచ్చినట్టే చూసి ఇంటర్వ్యూలకి పిలుస్తుంటాయి, జూన్‌లో పంపినవాళ్ళు ముందుంటారు, మేము వెనకబడిపోయాం. పెరిగింది ఒక్క మార్కు.

దానికన్నా పెద్ద తప్పు పర్సనల్ స్టేట్‌మెంట్ దగ్గర, అంటే డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నారో పిల్లలు తమ మాటల్లో రాసే వ్యాసం దగ్గర చేశాను. అది ఖాళీలతో కలిపి 5,300 అక్షరాలు దాటకూడదు. అమ్మాయి రాసుకున్న మొదటి డ్రాఫ్ట్‌లో తను శుక్రవారాలు వాలంటీర్‌గా వెళ్ళే హాస్పిస్‌లో, అంటే చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే చోట, ఒక ముసలాయన ఉన్నారు. ఆయనకి ఎడమ చెవి వినపడదని కుర్చీ కుడి పక్కకి జరుపుకుని పేపర్ చదివి వినిపించేదట. ఆయనకి కావలసింది బేస్‌బాల్ స్కోర్లు. మా పిల్లకి ఆ ఆటలో ఓనమాలు రావు, ఆయన కోసం ఇంటికొచ్చి కూర్చుని నేర్చుకుంది. ఒక శుక్రవారం వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. ఇదంతా నేను కొట్టేయించి రీసెర్చ్ పోస్టరూ, తను పుట్టకముందే పోయిన మా నాన్నగారి గుండెపోటూ పెట్టించాను. చదివి, "నాన్నా, ఇందులో నేనెక్కడ ఉన్నాను?" అంది. అప్పుడు నాకు చెవికెక్కలేదు.

దానివల్లే సీటు రాలేదని అనను. కానీ ఆ అప్లికేషన్‌లో మార్కులు ఒక భాగమే. 15 దాకా అనుభవాలు రాయొచ్చు, అందులో ముఖ్యమైన మూడింటి గురించి ఇంకాస్త వివరంగా రాయమంటారు. తెలిసిన డాక్టర్ గారితో ఫోన్లో మాట్లాడి రెండు రోజులు షాడోయింగ్, అంటే డాక్టర్ వెంట ఉండి పని చూడటం, పెట్టించినంత మాత్రాన అవి నిండవు. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాళ్ళు అడిగేది పిల్లనే, మనల్ని కాదు.

మళ్ళీ అప్లై చేస్తోంది, ఈసారి డ్రాఫ్ట్ నాకు చూపించలేదు. నేనూ అడగలేదు. ముసలాయన మళ్ళీ వచ్చారని వాళ్ళమ్మ ద్వారా తెలిసింది.

మన సంఘం కార్యవర్గానికి నా మనవి. శాలువాలు మానమనడం లేదు, కప్పండి. దీపావళి సంబరాలకి మాత్రం పక్క గదిలో ఒక గంట ఇవ్వండి. మొదటిసారి రాక రెండోసారికో మూడోసారికో సీటు తెచ్చుకున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి, ఇప్పుడు అప్లై చేసేవాళ్ళతో మాట్లాడాలి. తల్లిదండ్రులం ఎవరం ఆ గదిలోకి వెళ్ళొద్దు. గది అద్దె నేను కడతాను, పులిహోర, కాఫీ మా ఇంటి నుంచి వస్తాయి.