ముత్తాత పేరు సర్వే నెంబరు కింద ఉంది

వాట్సాప్‌లో ఇంటింటికీ తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది: "తెల్లవాళ్లకు చర్చి రికార్డులున్నాయి, మనకేమీ లేవు. ఉన్న కాస్తా కరణాలతోనే పోయాయి. ఇంటిపేరు, గోత్రం కలిస్తే ఒకే వంశం. ముత్తాతను దాటి తెలియాలంటే డీఎన్‌ఏ టెస్టు ఒక్కటే దారి, ఉమ్మి పంపితే ఏడు తరాలూ వచ్చేస్తాయి."

"మనకేమీ లేవు" అన్న మాట దగ్గర మొదలుపెడదాం, ఎక్కువమందిని వెనక్కి లాగుతున్నది అదే. రికార్డులున్నాయి. మనిషి పేరు పట్టుకుని వెతికితే దొరకవు, అంతే. సర్కారుకు కావలసింది శిస్తు కాబట్టి కాగితం నేల చుట్టూ పుట్టింది. మీ చేతిలో ముందు ఉండాల్సినవి ఊరి పేరు, పాత తాలూకా, సర్వే నెంబరు. పాత పాస్‌బుక్కులోనో దస్తావేజులోనో సర్వే నెంబరు ఉంటుంది. ఆంధ్రలో రీసర్వే అయిన ఊళ్లలో ఇప్పుడు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నెంబర్లు వచ్చాయి, వాటితో పాత రిజిస్టరు తెరవలేరు.

కోస్తా, రాయలసీమల్లో అడగాల్సింది ఆర్‌ఎస్‌ఆర్, అంటే శిస్తు ఖరారు చేసినప్పుడు రాసిన సెటిల్‌మెంట్ రిజిస్టరు, కొన్నిచోట్ల డైగ్లాట్ అంటారు. సర్వే నెంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. జమీందారీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. ఇనాం (మాన్యం) భూమి ఉన్న కుటుంబమైతే అదృష్టమే. 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మాన్యం మొదట ఎవరికిచ్చారో, అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదటివాడికి అతనేమవుతాడో కూడా రాసి ఉంటుంది. అంటే ఒక్క వరుసలోనే రెండు మూడు తరాలు. ఇది అగ్రహారాలకే పరిమితం అనుకోకండి, చాకలి మాన్యం, మంగలి మాన్యం, వెట్టి మాన్యం కూడా అందులోకే వస్తాయి.

తెలంగాణలో ఖాస్రా పహాణీ అడగండి, ఏ నేల ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన రిజిస్టరు అది. అది 1954-55 నాటిది, కాగితం మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1364 అని ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. పట్టాదారు గడి ఒక్కటే చూసి వదిలేయకండి, పక్కనే కబ్జాదారు గడి ఉంటుంది, దున్నుకున్న తాత అక్కడ ఉండవచ్చు. అంతకు ముందుది సేత్వార్, నిజాం కాలపు సర్వే రిజిస్టరు. అది చాలాచోట్ల ఉర్దూలో ఉంటుంది కనుక చదివిపెట్టేవాళ్లను చూసుకుని వెళ్లండి.

ఇక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. "ఆన్‌లైన్‌లో వెతికాం, ఏమీ రాలేదు" అంటారు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే. అంతకు ముందువి పుస్తకాల్లో ఉన్నాయి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులకు పేర్ల ఇండెక్సు, ఊళ్ల ఇండెక్సు వేరువేరుగా ఉండాలి. రుసుము కట్టి వాటిని ఎవరైనా చూడవచ్చు. మీ ఊరు అప్పట్లో ఏ ఆఫీసు కింద ఉండేదో ముందు కనుక్కోండి, లేకపోతే రోజంతా తప్పు పుస్తకం తిరగేస్తారు. ఒంగోలునే చూడండి: 1904 దాకా నెల్లూరు జిల్లా, 1970 దాకా గుంటూరు, ఆ తర్వాత ప్రకాశం.

దొరికిన దస్తావేజుల్లో భాగపరిష్కారానిది (ఆస్తి పంపకానిది) బంగారం. అన్నదమ్ములందరూ, చనిపోయిన అన్న కొడుకులూ, వాళ్లలో మైనర్లుంటే గార్డియనుగా తల్లి పేరూ అందులో వస్తాయి. పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు రాసిన దస్తావేజైతే ఇంకా విలువైనది, వంశవృక్షంలో ఎప్పుడూ ఖాళీగా ఉండిపోయే కొమ్మ అది. చివర ఉండే చెక్కుబందీని (నాలుగు హద్దుల వివరాన్ని) ఎవరూ చదవరు. "తూర్పు: ఫలానా వారి పొలం" అన్నచోట చాలాసార్లు ఉండేది విడిపోయిన దాయాదే.

భూమి లేనివాళ్ల విషయంలో మాత్రం ఆ మెసేజ్‌లో సగం నిజముంది. వాళ్ల గురించి కాగితం తక్కువ, ఆ లోటు పూడ్చలేం. అయినా బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరుంటుంది. పుట్టినతేదీ జూలై 1 అని ఉంటే మాత్రం మాస్టారి లెక్క అనుకోండి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1899 చట్టం కింద జనన మరణ రిజిస్టర్లు నడిచాయి. నామకరణానికి ముందే రాయించడం వల్ల బిడ్డ పేరు గడి తరచుగా ఖాళీ. తండ్రి పేరు, ఊరు, రెండు మూడేళ్ల వ్యవధి చెప్పి వెతికించండి. క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మ రిజిస్టర్లున్నాయి. "తెల్లవాళ్లకే" అన్నమాట అక్కడే వీగిపోతుంది. ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లిన కూలీల జాబితాలు (1860–1911) మరీ వివరం: తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, కులం, వయసు, ఒంటి మీద మచ్చలతో సహా. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు వెతకాల్సింది ఆ జాబితాలో తమ పెద్దకిచ్చిన నెంబరు.

"కరణాలతో పోయాయి" అన్నది తేలిగ్గా తేలిపోయేది. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో పోయింది కరణాల పదవి. కరణం ఇంట్లో ఉన్నది గ్రామం ప్రతి మాత్రమే. సెటిల్‌మెంట్ రిజిస్టర్ల ప్రతులు తాలూకా కచేరీకి, కలెక్టరేటుకు కూడా వెళ్లేవి. చెదలు తినడమన్నది వేరే సంగతి, ఒకచోట పోతే రెండోచోట అడగాలి.

ఇంటిపేరు సంగతి. ఊరి పేరే ఇంటిపేరయినవి ఎన్నో, ఆ ఊరి నుంచి కదిలిన అన్ని కులాలవాళ్లకూ అదే అంటుకుంది. గోత్రమైతే లక్షలమందికి ఒకటే. వీటిని వెతకడానికి ఆనవాలుగా వాడుకోండి, రుజువుగా కాదు. దత్తత వెళితే ఇంటిపేరే మారిపోతుంది. ఇల్లరికపుటల్లుడి ఇంట్లో ఇంటిపేరు తండ్రిది, పొలం తల్లి పుట్టింటిది.

అంతకన్నా పెద్ద ప్రమాదం తాత పేరు మనవడికి పెట్టడం. సుబ్బయ్య కొడుకు వెంకయ్య, అతని కొడుకు మళ్లీ సుబ్బయ్య. 1890 కాగితంలోనూ 1940 కాగితంలోనూ ఉన్న సుబ్బయ్య ఒక్కడే అనుకుంటే రెండు తరాలు మింగేసినట్టే. ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు, ఏడు, సర్వే నెంబరు రాసుకుంటేనే ఇది పట్టుబడుతుంది. పెద్దవాళ్లను అడిగేటప్పుడు "ఎప్పుడు పుట్టారు" అంటే జవాబు రాదు. పోలీసు యాక్షన్‌కు ముందా తర్వాతా, దివిసీమ ఉప్పెన నాటికి పెళ్లయిందా అని అడగండి. "ధాత కరువు" అంటే 1876. అయితే ధాత 1936లో కూడా వచ్చింది. సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది, జాతకం చూసేటప్పుడూ ఇదే జాగ్రత్త. తద్దినం పెట్టే ఇళ్లలో మూడు తరాల పేర్లు నోటికి వస్తాయి, తల్లివైపువి కూడా అడిగి రాసుకోండి. పాత శుభలేఖలు, కర్మ పత్రికలు పారేయకండి.

చివరిది డీఎన్‌ఏ. అది పేర్లు చెప్పదు. ఇప్పటికే ఆ టెస్టు చేసే కంపెనీకి ఉమ్మి పంపినవాళ్లలో మీకు ఎవరు ఎంత దగ్గరో అంచనా వేస్తుంది. మీ దాయాదులెవరూ అందులో లేకపోతే వచ్చేది "దక్షిణ భారతం" అన్న రంగు మ్యాపు. ఏడో తరానికి పూర్వీకులు 128 మంది, అందులో కొందరి నుంచి మీకు ఒక్క ముక్క కూడా వచ్చి ఉండకపోవచ్చు. మన దగ్గర దీనికి తోడు మేనరికం ఉంది. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఒకే ముసలమ్మ పిల్లవాడికి నాయనమ్మా అవుతుంది, తల్లివైపు తాతమ్మా అవుతుంది. అలాంటి పెళ్లిళ్లు రెండు మూడు తరాలు నడిస్తే దూరపు బంధువు కూడా టెస్టులో దగ్గరివాడిలా కనిపిస్తాడు. చెట్టు గీసేటప్పుడు కూడా ఆమెను రెండుచోట్ల ఇద్దరు మనుషులుగా రాయకుండా, ఒకే గడి పెట్టి రెండు గీతలు లాగాలి.