వెరీ ఫెయిర్ అంట!

ఇప్పుడే మ్యారేజ్ బ్యూరో ఆవిడతో గొడవ పడి ఫోన్ పెట్టేశా. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అక్షరదోషాలుంటే సర్దుకోండి.

మా చెల్లి బయోడేటాలో రంగు అన్న చోట మా అమ్మ తన చేత్తో ‘చామనఛాయ’ అని రాసిచ్చింది. ఆవిడ టైప్ చేయించి ఊళ్ళో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిప్పిన పీడీఎఫ్‌లో మాత్రం ‘కాంప్లెక్షన్: వెరీ ఫెయిర్’ అని ఉంది. ఉత్త ఫెయిర్ కూడా కాదు, వెరీ! అదేంటండీ అంటే “అలా పెట్టకపోతే ఫోటో దాకా కూడా రారమ్మా, అందరూ పెట్టేదేగా. ఫెయిర్ అంటే చామనఛాయ అని వాళ్ళకీ తెలుసు, వెరీ ఫెయిర్ అంటే కాస్త తేట, నిజంగా తెల్లగా ఉన్న పిల్లలకి మిల్కీ వైట్ అని పెడతాం” అని ఎంత శాంతంగా చెప్పిందంటే, ఇదేదో ఆర్టీసీ టైం టేబుల్ అయినట్టు, నాకే తెలీనట్టు. మిల్కీ వైట్ అంట. ఫుల్ క్రీమా టోన్డా అని అడగాల్సింది, ఆ టైముకి తట్టలేదు.

ఫోటో సంగతి ఇంకా ఘోరం. “కొంచెం బ్రైట్ చేయించాలే అమ్మా” అంది. కొంచెమా! వెనక గోడ మీదున్న క్యాలెండర్‌లో అంకెలన్నీ మాయమైపోయాయి, చెల్లి ముక్కు ఉండాల్సిన చోట రెండు చుక్కలు మిగిలాయి, కట్టుకున్న ముదురాకుపచ్చ చీర పిస్తా రంగులోకి దిగింది. పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళు పిల్లని చూసి “ఫోటోలో వేరే ఉందే” అని ముఖాలు చూసుకుంటే ఆ అవమానం ఎవరికి? బ్యూరో ఆవిడకి కాదుగా, ఆవిడ రిజిస్ట్రేషన్ ఫీజు ముందే తీసేసుకుంది. పుణెలో ఉద్యోగం చేసుకుంటూ టీమంతటినీ ఒంటిచేత్తో నడిపే పిల్ల, కాఫీ ట్రే పట్టుకుని ఆ చూపుల ముందు నిలబడాలి.

అసలు ఈ ‘ఫెయిర్’ అనే మాట మనకి ఎంత సుఖంగా ఉందో చూశారా. “మాకు తెల్ల పిల్లే కావాలి” అని తెలుగులో అనడానికి ఇప్పుడు చాలామందికి కొంచెం సిగ్గేస్తుంది, చదువుకున్న కుటుంబం కదా మరి, ఫెయిర్ అంటే సరి, నాజూగ్గా ఉంటుంది. మా ఇళ్ళల్లో ఇంతకుముందు తెల్లటి పిల్లని ‘ఎర్రగా ఉంటుంది’ అనేవాళ్ళు, ఇప్పుడు నల్లటి పిల్లని ‘కలర్ తక్కువ’ అంటున్నారు. తక్కువేంటి? నిజానికి కలర్ ఎక్కువే కదా ఉంది! “కలర్ తక్కువే గానీ కళగల మొహం” అనేది ఓదార్పు బహుమతి, చామనఛాయ ఆడపిల్ల ప్రతి ఒక్కతీ ఏదో ఒక పెళ్ళి భోజనాల దగ్గర అందుకునే ఉంటుంది. “నలుపు నారాయణుడు మెచ్చు” అని ఇంకో సామెత ఉంది, నారాయణుడు మెచ్చాడు సరే, ఆయన తరఫున సంబంధం మాట్లాడ్డానికి ఎవరూ రారే!

ఇది పెళ్ళితో మొదలయ్యేది కూడా కాదు. కడుపుతో ఉన్నప్పుడే కుంకుమపువ్వు పాలు. మా బాబు పుట్టినప్పుడు హాస్పిటల్ మంచం మీద నాకింకా సరిగ్గా మెలకువ కూడా రాలేదు, మా ఆడపడుచు వాళ్ళత్తగారు వచ్చి, పిల్లాడు ఎలా ఉన్నాడు, పాలు తాగాడా అని ఏమీ లేదు, తిన్నగా గుడ్డ పక్కకి జరిపి చెవి అంచులు చూసింది. చెవులు! “ఇప్పుడు ఎర్రగానే ఉన్నాడులే గానీ చెవులు నల్లగా ఉన్నాయి, పోనుపోను రంగు దిగుతాడు. మగపిల్లాడేగా, పర్లేదు” అని తీర్పిచ్చి హార్లిక్స్ సీసా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మగపిల్లాడేగా పర్లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

సరే, ఇంగ్లీషులోనే మాట్లాడుకుందాం. డిక్షనరీ తీస్తే ఈ ఒక్క మాటకి అన్ని అర్థాలున్నాయి. పాత ఇంగ్లీషులో దీనికి ‘అందమైన’ అనే అర్థం, తెల్లటి ఒళ్ళు అనేది చాలా తర్వాత వచ్చి అతుక్కుంది. బుక్ ఫెయిర్‌లో ఉండే ఫెయిర్ అయితే దీనికి చుట్టం కూడా కాదు, అది లాటిన్ నుంచి వేరే దారిలో వచ్చింది. పైగా ఇంగ్లీషు వాళ్ళు జుట్టుకి ఫెయిర్ అంటే పసుపుపచ్చ జుట్టు అని. ఆ లెక్కన మన మిల్కీ వైట్ పిల్లలు కూడా వాళ్ళ ఊళ్ళో ఫెయిర్ లిస్టులో ఉండరు. పోయి లండన్‌లో చెప్పండి, మా అమ్మాయి వెరీ ఫెయిర్ అని, చూద్దాం.

ఇక స్కూల్ రిపోర్టులో ఫెయిర్ అంటే ఏంటో తెలుసుగా? ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఆ తర్వాత ఫెయిర్, దాని కింద పూర్. అంటే ఏదో పర్లేదు, గట్టెక్కాడు అని. మా బాబు ప్రోగ్రెస్ కార్డులో ‘హ్యాండ్‌రైటింగ్: ఫెయిర్’ అని వస్తే ఇంట్లో క్లాసు పీకుతాం, పెళ్ళికూతురి కార్డులో అదే మాట వస్తే లడ్డూలు పంచుతాం.

రేషన్ షాపు బోర్డు మీద ఇంగ్లీషులో ‘ఫెయిర్ ప్రైస్ షాప్’ అని ఉంటుంది, దాని కిందే తెలుగులో ‘చౌక ధరల దుకాణం’. న్యాయమైన ధర అని రాయడానికి ఎవరికి చెయ్యి రాలేదో గానీ, చౌక అనేశారు. ఆఫీసులో మా మేనేజర్ సంగతి సరేసరి, మనం పది నిమిషాలు గొంతు చించుకుని చెప్పినదంతా విని “ఫెయిర్ ఎనఫ్” అంటాడు, అన్నాక తను ముందు అనుకున్నదే చేస్తాడు. అప్రైజల్ అయితే ‘ఫెయిర్ అండ్ ట్రాన్స్‌పరెంట్’ అని మెయిల్‌లో రాసి మరీ కోస్తారు.

ఆ క్రీము సంగతి కూడా చెప్పుకోవాలిగా. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో దిగింది. ఉద్యోగం రాని అమ్మాయి క్రీము రాసుకుంటే ఉద్యోగం, సంబంధం కుదరని అమ్మాయి రాసుకుంటే సంబంధం, దశాబ్దాల పాటు మన హాల్లో టీవీలో నడిచిన భాగవతం అది. 2014లో ప్రకటనల మీద కన్నేసి ఉంచే సంస్థ ఆస్కీ ‘రంగు తక్కువ వాళ్ళని దిగులుగా చూపించకండి’ అని రూల్ పెట్టాల్సి వచ్చింది. ఆఖరికి 2020లో అమెరికాలో నల్లవాళ్ళ ఉద్యమం వేడికి ఇక్కడ కంపెనీ ఆ క్రీము పేరు మార్చి గ్లో అండ్ లవ్లీ చేసింది, అదే నెలల్లో షాదీ డాట్ కామ్ కూడా స్కిన్ టోన్ ఫిల్టర్ తీసేసింది. శుభం. డబ్బా మీద పేరు మారింది, సైటులో బటన్ పోయింది, బ్యూరో ఆవిడ ఎక్సెల్ షీటులో కాలమ్ మాత్రం అలాగే ఉంది. నేను కళ్ళారా చూశా, గోత్రానికీ జీతానికీ మధ్యన.

తెలుగు సినిమా హీరోయిన్ల గురించి మొదలెడితే తెల్లారిపోతుంది. పల్లెటూరి పిల్ల పాత్రకి బొంబాయి నుంచి తెల్ల పిల్లని తెచ్చి, ఆ పిల్ల మొహానికి గోధుమరంగు పులిమి, మళ్ళీ డబ్బింగ్ ఇంకొకరితో చెప్పిస్తారు. ఎండలో తిరిగే మన పిల్లలు ఆ రంగులోనే పుట్టి ఊరికే దొరుకుతారు, అయినా వద్దు. సరే, వదిలేద్దాం.

‘మగపిల్లాడేగా పర్లేదు’ దగ్గరికొస్తా. నాకు ఈ ఫెయిర్ అనే మాట వినపడితే ఒళ్ళు మండేది అసలు రంగు వల్ల కాదు. మా అమ్మ వల్ల.

మా అమ్మ చేతిరాత ముత్యాలు. రఫ్ నోట్సు, ఫెయిర్ నోట్సు ఉండేవి కదా, మా చిన్న మామయ్య ఇంటర్ బాటనీ ఫెయిర్ రికార్డు మొత్తం మా అమ్మే రాసింది. ఉమ్మెత్త పువ్వు నిలువుకోత బొమ్మతో సహా, పెన్సిల్ చెక్కి చెక్కి. తను పదో క్లాసుతో ఆపేసింది, ఆపేశారు అనాలి, వయసులో పెద్దది కాబట్టి తమ్ముడి రికార్డులు రాయడానికి మాత్రం పనికొచ్చింది. పెళ్ళి 1983లో.

మా తాతయ్య 2010లో పోయారు. తెనాలి దగ్గర కాలవ కింద మాగాణి, తాతల నాటి పొలం. మరుసటి ఏడు ఊళ్ళో పెద్దమనుషులు కూర్చున్నారు. మా పెద్ద మామయ్య ముందే లా పాయింటు పట్టుకొచ్చాడు, “ఆడపిల్లలకి ఆస్తిలో వాటా అన్న ఎన్టీ రామారావు గారి చట్టం 1985 సెప్టెంబర్ నుంచి, అంతకుముందు పెళ్ళైన ఆడపిల్లలకి లేదు, చెల్లాయి పెళ్ళి ఎనభై మూడులో అయిపోయింది” అని. నిజమే, ఆ చట్టంలో అలాగే ఉంది. కానీ 2005 సెప్టెంబర్‌లో సెంటర్ చట్టం వచ్చి పెళ్ళి ఎప్పుడైందన్న గీత చెరిపేసిందని ఆ అరుగు మీద ఒక్కరికీ తెలీదా? తెలుసు. అందులో ఒకాయన కొడుకు లాయరు. పొలాన్ని మామయ్యలిద్దరికీ రెండు వాటాలు చేసి, అమ్మకి పసుపు కుంకుమల కింద అరెకరం, అదీ డొంక పక్కన వానొస్తే వారం నీళ్ళు నిలిచే ముంపు చేను. “అందరికీ ఫెయిర్‌గా పంచాం” అన్నారు. ఇంగ్లీషు మాటే వాడారు. ఆ అరుగు మీద అంతసేపూ తెలుగే మాట్లాడిన మనుషులు అక్కడికొచ్చేసరికి ఇంగ్లీషులోకి దిగారు. న్యాయంగా పంచాం అనడానికి నోరు తిరగలేదేమో.

ఇంకో సంగతి ఉంది, ఇది ఇప్పటికీ నా గొంతులో ముల్లే. పెన్సిల్‌తో కొట్టివేతలతో లెక్కలన్నీ వేసిన కాగితం చేతికిచ్చి “చెల్లాయ్, నీ రాత బావుంటుంది, దీన్ని ఫెయిర్ చేసి పెట్టమ్మా” అన్నాడు పెద్ద మామయ్య. అమ్మ వంటింటి గట్టు మీద కూర్చుని రాసింది. సర్వే నెంబర్లు, హద్దులు, తనకి రాని ఎకరాలు, మార్జిన్ కొట్టి మరీ. కింద సంతకం పెట్టింది. “నాకెందుకులే అన్నయ్యా, పుట్టిల్లు చల్లగా ఉంటే చాలు” అంది. 2014లో రాజధాని ప్రకటించాక ఆ వైపు రేట్లు ఎలా లేచాయో మీకు చెప్పక్కర్లేదు, అప్పుడు కూడా ఒక్కరూ ఫోన్ చేసి ‘నువ్వెలా ఉన్నావమ్మా’ అనలేదు. ఇప్పుడు అదే మామయ్య, మొన్న ఆదివారం ఫోన్ చేసి “చిన్నదానికి సంబంధం చూస్తున్నారంటగా, కలర్ తక్కువ కదా, కట్నం కాస్త ఎక్కువే అనుకోండి” అని సలహా!

కట్నం ఎక్కువ. అవును, కాలవ కింద మా అమ్మ వాటా ఉండి ఉంటే ఆలోచించేవాళ్ళమేమో. ఉన్నా ఇచ్చేవాళ్ళం కాదు, అది వేరే పోస్టు.

కింద కామెంట్లలోకి వచ్చి “అబ్బాయిలకి కూడా శాలరీ ఫిల్టర్ ఉంది కదండీ” అనబోయే తమ్ముళ్ళూ, జీతం పెంచుకోవచ్చు నాన్నా, చెవి అంచులు ఏం చేసుకుంటాం?

మామయ్య గారూ, మీరు నా పోస్టులన్నీ చదువుతారని తెలుసు, లైకు మాత్రం కొట్టరు. ఆ పంపకాల కాగితం ఒకసారి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. ఫెయిర్ కాపీ వద్దు, అది మా దగ్గరుంది. ఆ పెన్సిల్ రఫ్ ఉంది చూశారూ, కొట్టివేతలున్నది, అది పెట్టండి.